ఈనెపుల్లలతో ఆవర్తన పట్టిక: అయనీకరణ శక్తిని వేలితో తడిమి చూడటం

పదకొండో తరగతి పిల్లల్ని అయనీకరణ శక్తి (పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ని ఊడదీయడానికి కావలసిన శక్తి) గురించి అడిగితే రెండు ముక్కలు గడగడా అప్పజెప్తారు: పీరియడ్‌లో, అంటే పట్టిక అడ్డు వరసలో, ఎడమ నుంచి కుడికి పెరుగుతుంది, గ్రూపులో, అంటే నిలువు వరసలో, పైనుంచి కిందికి తగ్గుతుంది. వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యండి. మెగ్నీషియం, అల్యూమినియం పక్కపక్కనే ఉన్నాయి, దేనికి ఎక్కువ? కుడివైపుది అల్యూమినియం కదా, దానికే అంటారు. నిజానికి మెగ్నీషియానికి మోల్‌కు 738 కిలోజౌల్స్, అల్యూమినియానికి 578. తప్పు పిల్లలది కాదు, పట్టిక పక్కన గీసిన బాణం గుర్తుది. బాణానికి మెట్లుండవు. మూలకాలకు ఉన్నాయి. పరమాణువు లోపల ఏం జరుగుతోందో చెప్పేవి ఆ మెట్లే.

అందుకే అంకెల్ని పొడవులుగా మార్చి అట్ట మీద నిలబెట్టడం మంచి పద్ధతి. ఒక్కో మూలకానికి ఒక్కో పుల్ల. పుల్ల ఎంత ఎత్తుంటే ఆ పరమాణువు నుంచి మొదటి ఎలక్ట్రాన్‌ని ఊడబెరకడం అంత కష్టం. 100 కిలోజౌల్స్‌కు 1 సెంటీమీటరు లెక్క. హైడ్రోజన్ నుంచి క్రిప్టాన్ దాకా 36 పుల్లలు, ముందు ఒక ఖాళీ వరస. ఇద్దరు పిల్లలు కూర్చుంటే ఒక పూట పని, అయితే జిగురు ఆరడానికి ముందురోజు రాత్రంతా వదలాలి.

సామాను

ఇలాంటి నమూనాలకు ప్లాస్టిక్ స్ట్రాలు, థర్మకోల్ వాడటం పాత అలవాటు. 2022 జులై 1 నుంచి ఈ రెండూ (థర్మకోల్ అలంకరణకైతే) నిషేధం జాబితాలో ఉన్నాయి. అదీగాక మామూలు స్ట్రా పొడవు 20 సెంటీమీటర్లు, హీలియానికి కావలసింది 23.7. కాగితం స్ట్రాలను అతికించి పొడవు చేస్తే అతుకు దగ్గర వంగుతాయి. వీటన్నిటికన్నా కొబ్బరి ఈనె మేలు. తిన్నగా ఉంటుంది, పొడవుంటుంది, ఇంట్లో చీపురు ఉంటే డబ్బు ఖర్చు కూడా లేదు. చెన్నైలో దుకాణంలో అడగాలంటే "ఈర్కుచ్చి" అనండి, ఇట్టే ఇస్తారు.

కొత్త చీపురులోంచి బాగా ఎండిన ఈనెలు 20 ఏరుకోండి. పచ్చివి వద్దు. ఆరేకొద్దీ విల్లులా వంగిపోతాయి. ఈనె మొదలు లావు, చివర వెంట్రుకలా సన్నం కాబట్టి మొదలు నుంచి 40 సెంటీమీటర్ల వరకే వాడండి. నాలుగు వరసలకూ కలిపి పైకి కనిపించే పొడవు దాదాపు 350 సెంటీమీటర్లు, అట్టలో దిగే భాగం మరో 60. ఇరవై ఈనెలంటే వృథా పోయినా సరిపోతాయి.

అడుగుకు దళసరి అట్టపెట్టెలు కావాలి. మీ వీధిలో అన్నాచ్చి కడలో (కిరాణా కొట్టులో) నూనె ప్యాకెట్లు వచ్చిన పెట్టెలు అడిగితే ఇస్తారు. ఇవి కాక ఫెవికాల్, దబ్బనం, గోరుగిల్లు (నెయిల్ కట్టర్), గరుకు కాగితం, గ్రాఫు కాగితం ఒకటి, మూడు రంగుల నెయిల్ పాలిష్, ఎర్ర దారం. గ్రాఫు కాగితం, మందపాటి కార్డు ఒకేచోట దొరకాలంటే చెన్నైలో పారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి ఉండనే ఉంది.

అడుగు అట్ట

60 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పుతో మూడు అట్టముక్కలు కోయండి. అట్ట లోపలి గాళ్ళు మొదటి ముక్కలో పొడుగునా, రెండోదాంట్లో అడ్డంగా, మూడోదాంట్లో మళ్ళీ పొడుగునా ఉండేలా చూసుకోండి. మూడూ ఒకే దిశలో పెడితే రెండు నష్టాలు. ఆరాక అట్ట పడవలా వంగుతుంది, పుల్ల గుచ్చినచోట గాడి వెంట చిరుగుతుంది. ఫెవికాల్ పలచగా రాసి, ఒకదాని మీద ఒకటి అతికించి, పైన బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానల రోజుల్లో గాలిలో తేమకి ఒక రాత్రి చాలదు, రెండు రాత్రులు ఉంచండి. తడి ఆరని అట్టలో గుచ్చిన పుల్ల మర్నాటికి వాలిపోతుంది.

పైన పెన్సిల్‌తో గళ్ళు గీయండి. పక్కలకు 18 చుక్కలు, ముందు వెనకలకు 5 వరసలు, చుక్కకీ చుక్కకీ మధ్య 3 సెంటీమీటర్లు. నాలుగు వైపులా 4.5 సెంటీమీటర్ల అంచు మిగులుతుంది. మొదటి పీరియడ్ వెనక, నాలుగోది ముందు, దానికీ ముందు ఖాళీ వరస. మొదటి వరసలో రెండే చుక్కలు: హైడ్రోజన్ ఒకటో గడిలో, హీలియం పద్దెనిమిదో గడిలో. రెండు, మూడు వరసల్లో మొదటి రెండు గళ్ళు, తర్వాత పది వదిలేసి పదమూడో గడి నుంచి. నాలుగో వరస పూర్తిగా నిండుతుంది. పొడుగు పుల్లలన్నీ వెనక్కి పోతాయి కాబట్టి ముందు కూర్చున్నవాళ్ళకు ఏదీ మరుగున పడదు.

పొడవులు

ఇవి అట్ట పైనుంచి పుల్ల కొస వరకు, మిల్లీమీటర్లలో.

మొదటి వరస: హైడ్రోజన్ 131, హీలియం 237.

రెండో వరస: లిథియం 52, బెరీలియం 90, బోరాన్ 80, కార్బన్ 109, నైట్రోజన్ 140, ఆక్సిజన్ 131, ఫ్లోరిన్ 168, నియాన్ 208.

మూడో వరస: సోడియం 50, మెగ్నీషియం 74, అల్యూమినియం 58, సిలికాన్ 79, ఫాస్ఫరస్ 101, సల్ఫర్ 100, క్లోరిన్ 125, ఆర్గాన్ 152.

నాలుగో వరస: పొటాషియం 42, కాల్షియం 59, స్కాండియం 63, టైటానియం 66, వెనేడియం 65, క్రోమియం 65, మాంగనీస్ 72, ఇనుము 76, కోబాల్ట్ 76, నికెల్ 74, రాగి 75, జింక్ 91, గాలియం 58, జెర్మేనియం 76, ఆర్సెనిక్ 94, సెలీనియం 94, బ్రోమిన్ 114, క్రిప్టాన్ 135.

కోయడం, గుచ్చడం

ముందు కొలిచి కోసి తర్వాత గుచ్చితే ప్రతి పుల్లా ఒక్కో లోతుకు దిగి ఎత్తులన్నీ తారుమారవుతాయి. కాబట్టి ముందు గుచ్చండి, తర్వాత అట్ట మీద నుంచి కొలిచి కోయండి. దబ్బనంతో చిన్న రంధ్రం చేసి, ఈనె లావు వైపు కొంచెం ఫెవికాల్ రాసి, అడుగు తగిలేదాకా దించండి. రంధ్రం ఈనె కన్నా సన్నగా ఉండాలి, బిగుతుగా దిగాలి. వెనక వరస నుంచి మొదలుపెట్టండి. ముందు వరస ముందే కట్టేస్తే వెనక చెయ్యి పెట్టడానికి చోటుండదు.

కొలిచేటప్పుడు చాలామంది పప్పులో కాలేసేది స్కేలు దగ్గర. ప్లాస్టిక్ స్కేలులో సున్నా గీత అంచున ఉండదు, కొన్ని మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. ఆ స్కేలును అట్ట మీద నిలబెట్టి కొలిస్తే ప్రతి పుల్లా ఆ మేరకు పొడుగవుతుంది. తేడాలు మారవు గానీ నిష్పత్తి చెడుతుంది. నియాన్ సోడియం కన్నా నాలుగు రెట్లకు పైగా ఎత్తుండాలి, అలా కనిపించదు. గ్రాఫు కాగితం నుంచి 2 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల పొడవున్న పట్టీ కోసి కార్డుకు అతికించండి. అడుగు అంచు సరిగ్గా గీత మీద కోయండి. అదే మీ కొలబద్ద.

కత్తెర పెడితే ఈనె నిలువునా చీలుతుంది. గోరుగిల్లు శుభ్రంగా కోస్తుంది. 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోసి, తర్వాత గరుకు కాగితంతో (శాండ్ పేపర్) రుద్ది సరిచేసుకోండి. పొట్టయితే మళ్ళీ పెంచలేరు.

పుల్ల వాలినా ఎత్తు తగ్గుతుంది. నియాన్ పుల్ల 10 డిగ్రీలు వాలిందంటే కొస 3 మిల్లీమీటర్లు కిందికి వస్తుంది. ఫాస్ఫరస్‌కీ సల్ఫర్‌కీ మధ్య తేడా అంతా కలిపి 1.2 మిల్లీమీటర్లే (1012, 1000 కిలోజౌల్స్). అంటే కొంచెం అజాగ్రత్తగా ఉంటే ఆ మెట్టు మాయమైపోతుంది, లేదా తలకిందులవుతుంది. ఈ రెండు పుల్లలనూ విడిగా కోయకండి. గుచ్చాక సల్ఫర్ సరిచేసి, దాని పక్కన పెట్టి ఫాస్ఫరస్‌ను ఒక్క వెంట్రుకవాసి ఎత్తుగా ఉంచండి. ఇనుము, కోబాల్ట్ మధ్య తేడా 0.2 మిల్లీమీటర్లు. అది చేత్తో రాదు, రాకపోయినా నష్టం లేదు. ఆ వరస చెప్పే మాటే అది: అక్కడ స్కాండియం నుంచి రాగి దాకా తొమ్మిది మూలకాలు దాదాపు చదునుగా నడుస్తాయి.

జిగురు ఆరాక కొసలకు రంగు వెయ్యండి. ఎస్ బ్లాకు (1, 2 గళ్ళు) ఎరుపు, పి బ్లాకు (13 నుంచి 18 గళ్ళు) ఆకుపచ్చ, డి బ్లాకు (3 నుంచి 12 గళ్ళు) నీలం. హీలియానికి ఎరుపే వెయ్యాలి. దాని గడి పి బ్లాకు పైన ఉన్నా ఎలక్ట్రాన్లు రెండూ 1ఎస్‌లోనే. చివరగా ఒక్కో వరస కొసలను ఎర్ర దారంతో కలపండి. దారం బిగించి లాగితే పుల్లలు లోపలికి వంగుతాయి, ఊరికే తాకేలా ముడి వెయ్యండి.

చదవడం

కళ్ళు మూసుకుని మూడో వరస మీద వేలు నడపండి. 50 దగ్గర మొదలై 74కి ఎక్కుతుంది, 58కి దిగుతుంది, 79, 101, అక్కడ వేలికి తెలిసీ తెలియనట్టు చిన్న జారు, మళ్ళీ 125, 152. ఆ పైన వెతికితే ఏమీ లేదు, తర్వాతి మూలకం పొటాషియం ముందు వరసలో 42 దగ్గర ఉంది. ఇప్పుడు రెండో వరస మీద నడపండి. ఎత్తులు వేరు, నడక అదే: ఎక్కుడు, దిగుడు, రెండు ఎక్కుడులు, దిగుడు, మళ్ళీ రెండు ఎక్కుళ్ళు. ఆవర్తనం అంటే ఇదే. స, రి, గ, మ, ప, ద, ని అయ్యాక మళ్ళీ స వచ్చినట్టు గుణాలు తిరిగొస్తాయని 1865లో రసాయన శాస్త్రవేత్త న్యూలాండ్స్ అన్నాడు, నవ్వారు. 1869లో మెండలీవ్ అప్పటికి తెలిసిన 63 మూలకాలను పేర్చి చూపించాడు. అప్పటికి ఎలక్ట్రాన్ ఉందనే ఎవరికీ తెలియదు.

ఎందుకు ఎక్కుతుందో చిన్న లెక్కతో తేలుతుంది. బయటి ఎలక్ట్రాన్‌కు కేంద్రకం మొత్తం ఆవేశం తగలదు, మధ్యలో ఉన్న ఎలక్ట్రాన్లు తెరలా అడ్డుపడతాయి. 1930లో భౌతిక శాస్త్రవేత్త స్లేటర్ ఇచ్చిన నియమం ప్రకారం, బయటి కర్పరంలోని (కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లుండే పొరను కర్పరం అంటారు) ఎస్, పి ఎలక్ట్రాన్‌కు అదే కర్పరంలోని తోటి ఎలక్ట్రాన్ ఒక్కోటి 0.35 మేర, దాని లోపలి కర్పరంలోనిది 0.85 మేర, ఇంకా లోపలివి ఒక్కోటి పూర్తిగా 1 మేర అడ్డుపడతాయి. సోడియానికి వేసి చూడండి. రెండో కర్పరంలో 8, అంటే 6.80. మొదటిదాంట్లో 2, అంటే 2.00. పరమాణు సంఖ్య 11 నుంచి 8.80 తీస్తే 2.20. ఆర్గాన్‌కు తోటి ఎలక్ట్రాన్లు 7, అంటే 2.45 అదనం. 18 నుంచి 11.25 తీస్తే 6.75. ఒక్క వరసలో నికర ఆవేశం మూడు రెట్లు దాటింది. తోటివాళ్ళు సరిగా అడ్డుపడరు, కేంద్రకమేమో అడుగడుక్కీ బలపడుతుంది. అందుకే వరస ఎక్కుతుంది.

పొటాషియానికి లెక్క వెయ్యండి. 19 నుంచి 16.80 తీస్తే మళ్ళీ 2.20, సోడియంతో సమానం. ఆవేశం సమానమే అయినా ఎలక్ట్రాన్ ఇంకో కర్పరం అవతల ఉంది. 496 కాస్తా 419 అయింది. గ్రూపులో దిగడం అంటే ఇది.

ఇప్పుడు అదే లెక్క అల్యూమినియానికి: 13 నుంచి 9.50 తీస్తే 3.50. మెగ్నీషియానికి 2.85. లెక్క ప్రకారం అల్యూమినియం పుల్లే ఎత్తుండాలి, అట్ట మీద మాత్రం 16 మిల్లీమీటర్లు పొట్టిగా ఉంది. ఈ తేడాను దాటవేసి ముందుకెళ్ళకండి. స్లేటర్ నియమం 3ఎస్, 3పిలను ఒకే గాట కడుతుంది. నిజంలో 3ఎస్ ఎలక్ట్రాన్ అప్పుడప్పుడూ కేంద్రకం దగ్గరదాకా చొచ్చుకుపోతుంది, 3పి అంత లోపలికి పోలేదు. మెగ్నీషియం కోల్పోయేది 3ఎస్ ఎలక్ట్రాన్, అల్యూమినియం కోల్పోయేది 3పి. పట్టు సడలినచోట పుల్ల కుంగింది. బెరీలియం నుంచి బోరాన్‌కు దిగుడూ ఇదే. జింక్ నుంచి గాలియంకైతే 33 మిల్లీమీటర్ల అగాధం. ఎరుపు కొసల నుంచి ఆకుపచ్చ కొసల్లోకి దారం అడుగుపెట్టినచోటల్లా పడుతుంది. నీలం కొసల నుంచి వచ్చినా అంతే. రంగులు వేయించింది ఇందుకే.

రెండో దిగుడు నైట్రోజన్ నుంచి ఆక్సిజన్‌కు. నైట్రోజన్‌లో మూడు 2పి ఆర్బిటాళ్ళలో (ఎలక్ట్రాన్లుండే గదుల్లో) తలా ఒక ఎలక్ట్రాన్. ఆక్సిజన్‌లో నాలుగోది వచ్చి ఒకదానితో జత కట్టాలి. ఒకే గదిలో ఇద్దరు, వికర్షణ పెరుగుతుంది, ఒకదాన్ని తీయడం తేలికవుతుంది. తేడా 88 కిలోజౌల్స్, దాదాపు 9 మిల్లీమీటర్లు. కింద ఫాస్ఫరస్, సల్ఫర్ దగ్గర 12 కిలోజౌల్స్. ఆర్సెనిక్, సెలీనియం దగ్గర రెండు పుల్లలూ దాదాపు సమానం. ఆర్బిటాల్ పెద్దదయ్యేకొద్దీ లోపలున్న ఇద్దరికీ చోటు పెరుగుతుంది, గొడవ తగ్గుతుంది. అంటే దిగుడు కూడా ఒక క్రమంలోనే తగ్గుతోంది. ఇది బాణం గుర్తులో ఎక్కడా లేదు.

అల్యూమినియం, గాలియం పుల్లలు రెండూ 58 ఎందుకున్నాయని పిల్లలు అడుగుతారు. అడగాలి. కిందికి పోతే తగ్గాలి కదా? గాలియంకు ముందు పది 3డి ఎలక్ట్రాన్లు చేరాయి, కేంద్రకంలో పది ప్రోటాన్లూ చేరాయి. డి ఎలక్ట్రాన్లు తెర వేయడంలో బలహీనులు. స్లేటర్ లెక్కలో గాలియం నికర ఆవేశం 5.00, అల్యూమినియానికి 3.50. దూరం పెరిగిన నష్టాన్ని ఆవేశం పూడ్చేసింది.

దాచిపెట్టి ఊహించడం

నమూనా పూర్తయ్యాక తప్పకుండా ఆడాల్సిన ఆట ఇది. 1871లో మెండలీవ్ తన పట్టికలో సిలికాన్ కింద ఖాళీ వదిలి, అక్కడికి రాబోయే మూలకానికి ఏక-సిలికాన్ అని పేరు పెట్టాడు. మన సంస్కృతం ఒకట్లలోని "ఏక" అది. పరమాణు భారం 72, సాంద్రత 5.5 ఉంటుందన్నాడు. 1886లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త వింక్లర్ జెర్మేనియం కనుక్కున్నాడు: భారం 72.6, సాంద్రత 5.3.

మీరు జెర్మేనియం పుల్లను కాగితంతో కప్పి, చుట్టూ ఉన్న నలుగురి సగటు తీయించండి. పైన సిలికాన్ 79, కింద తగరం 71 (ఇది ఖాళీ వరసలో వస్తుంది), ఎడమన గాలియం 58, కుడిన ఆర్సెనిక్ 94. మొత్తం 302, నాలుగోవంతు 75.5. కాగితం తీస్తే 76. పరమాణు భారాలతో: 28.1, 118.7, 69.7, 74.9, సగటు 72.85. సాంద్రతలతో: 2.33, 7.29, 5.91, 5.73, సగటు 5.3. పిల్లల మొహాలు వెలిగిపోతాయి.

అక్కడితో ఆపకండి. అదే పద్ధతిలో అల్యూమినియం కప్పండి. బోరాన్ 80, గాలియం 58, మెగ్నీషియం 74, సిలికాన్ 79, సగటు 73. అసలు 58. సల్ఫర్‌కు సగటు 113, అసలు 100. ఉపకర్పరం (కర్పరంలో ఎస్, పి, డి అనే భాగం) కొత్తగా మొదలయ్యేచోట, జతకట్టడం మొదలయ్యేచోట సగటు పనిచెయ్యదు. అలాగే ద్రవీభవన స్థానంతో జెర్మేనియంను ఊహించబోతే పూర్తిగా బోల్తాపడతారు. సిలికాన్ 1414 డిగ్రీలు, తగరం 232, గాలియం 30, ఆర్సెనిక్ మామూలు పీడనంలో కరగకుండానే 615 దగ్గర ఆవిరవుతుంది. సగటు 573, అసలు 938. చెన్నై కత్తిరి ఎండల్లో గాలియం నీడలో పెట్టినా కరుగుతుంది, పక్కనున్న జెర్మేనియం కొలిమిలో పెడితే గానీ కరగదు. ఒంటరి పరమాణువు గుణాలు ఒక వరసలో నడుస్తాయి. కోటానుకోట్ల పరమాణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయన్న దాని మీద ఆధారపడేవి ఎప్పుడూ అలా నడవవు.

పరమాణు వ్యాసార్థంతో ఇంకో నమూనా చెయ్యాలనుకునేవాళ్ళకు ఒక మాట. ఫ్లోరిన్ 64 పికోమీటర్లు అని ఉన్న పట్టికలోనే నియాన్‌కు 160 కనిపిస్తుంది. మొదటిది బంధంలో ఉన్నప్పటి వ్యాసార్థం, రెండోది వాండర్‌వాల్స్ వ్యాసార్థం, అంటే బంధం లేకుండా పక్కపక్కన ఆనుకున్నప్పటిది. రెండూ కలిపి ఒకే వరసలో గుచ్చకండి.

గ్లాసులో చూడటం: మెగ్నీషియం, అల్యూమినియం

ఇది బడి ప్రయోగశాలలో టీచర్ పక్కన ఉండగా, కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్యాల్సింది. కాస్టిక్ సోడా కంట్లో పడితే చూపు పోతుంది.

పటిక 5 గ్రాములు 100 మిల్లీలీటర్లలో, భేది ఉప్పు (మందుల షాపులో ఎప్సమ్ సాల్ట్ అనాలి) 2.5 గ్రాములు 100 మిల్లీలీటర్లలో, కాస్టిక్ సోడా 4 గ్రాములు 100 మిల్లీలీటర్లలో కరిగించండి. మూడిటికీ బ్యాటరీ వాటరే (డిస్టిల్డ్ వాటర్) వాడండి. బోరునీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం కాస్టిక్ సోడాతో తెల్లబారి ఫలితాన్ని పాడుచేస్తాయి. నీళ్ళలో సోడా వెయ్యాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు. అల్యూమినియం గిన్నె ముట్టుకోవద్దు, సోడా దాన్ని తినేస్తుంది. ఎందుకు తింటుందో ఇప్పుడే చూస్తారు.

రెండు పరీక్షనాళికల్లో 5 మిల్లీలీటర్ల పటిక నీళ్ళు, 5 మిల్లీలీటర్ల భేది ఉప్పు నీళ్ళు తీసుకోండి. సూది తీసేసిన సిరంజితో కాస్టిక్ సోడా చుక్కచుక్కగా వేస్తూ ఊపండి. రెండిట్లోనూ తెల్లటి అవక్షేపం వస్తుంది. పటిక నాళికలో 1.5 మిల్లీలీటర్ల దగ్గర గంజిలా చిక్కబడుతుంది. ఆపకుండా వేస్తూ పోతే 3 మిల్లీలీటర్ల లోపే మళ్ళీ నీళ్ళలా తేటపడుతుంది. భేది ఉప్పు నాళికలో 5 మిల్లీలీటర్లు పోసినా తెలుపు తెలుపుగానే ఉంటుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ క్షారం మాత్రమే. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఆమ్లం ముందు క్షారంలా, బలమైన క్షారం ముందు ఆమ్లంలా నడుస్తుంది.

తేటపడకపోతే కారణాలు మూడు. సోడా డబ్బా తెరిచి ఉండి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పట్టి బలం తగ్గి ఉండొచ్చు. సోడాకు బదులు అమ్మోనియా వేసి ఉండొచ్చు, దాని బలం చాలదు. లేదా మీ పటిక పొటాష్ పటిక కాక అమ్మోనియం పటిక అయి ఉండొచ్చు. అప్పుడు ఘాటు వాసన వస్తుంది, సోడా ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. అసలు తెలుపే కనిపించలేదంటే సోడా ఒక్కసారిగా కుమ్మరించారన్నమాట.

ఇక్కడ తెలివైన పిల్లలు అడ్డుపడతారు: అల్యూమినియం పుల్ల పొట్టి కదా, ఎలక్ట్రాన్ తేలిగ్గా ఇస్తుంది కదా, మరి మెగ్నీషియం కన్నా లోహగుణం ఎక్కువుండాలి కదా అని. ఆ పుల్ల మొదటి ఎలక్ట్రాన్‌ది మాత్రమే. అల్యూమినియం మూడు ఇవ్వాలి: 578, 1817, 2745, మొత్తం 5140. మెగ్నీషియం రెండిస్తే చాలు: 738, 1451, మొత్తం 2189. మూడు ఎలక్ట్రాన్లు పోయిన అల్యూమినియం అయాన్ చిన్నది, ఆవేశం ఎక్కువ. పక్కనున్న ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను గట్టిగా తనవైపు లాక్కుంటుంది. ఆ లాగుడే దాన్ని సగం ఆమ్లాన్ని చేసింది.

ఇదే దారిలో ఒక లెక్క ఇవ్వండి. ఒక మూలకం నుంచి ఎలక్ట్రాన్లను ఒకదాని తర్వాత ఒకటి తీయడానికి కావలసిన శక్తులు 786, 1577, 3232, 4356, 16091. నాలుగు తర్వాత అంత పెద్ద గెంతు ఎందుకు, ఇది ఏ గ్రూపు? అట్ట మీద 79 మిల్లీమీటర్ల పుల్ల వెతికితే సిలికాన్ దొరుకుతుంది.

ఖాళీగా ఉంచిన ముందు వరస చివరికి నింపండి. రుబీడియం 40, స్ట్రాన్షియం 55, పన్నెండో గడిలో కాడ్మియం 87, తర్వాత ఇండియం 56, తగరం 71, ఆంటిమొనీ 83, టెల్లూరియం 87, అయోడిన్ 101, జెనాన్ 117. కాడ్మియం నుంచి ఇండియంకు దారం మళ్ళీ ధబ్బున పడుతుంది. ఆంటిమొనీ నుంచి టెల్లూరియంకు వేలు నడపండి. పై మూడు వరసల్లో ఆ చోట దిగుడు 9, 1, దాదాపు 0 అయింది. ఇక్కడ 4 మిల్లీమీటర్లు ఎక్కుతుంది.